ఒక కాలి బూటు కథ వెనుక ఉన్న జపాన్

తెలుగునాట సమ్మె మాట వచ్చిందంటే ఎవరో ఒకరు జపాన్ కథ ఎత్తుకుంటారు. అక్కడి బూట్ల ఫ్యాక్టరీలో కార్మికులకు యాజమాన్యం మీద కోపం వస్తే పని ఆపరట. ఎడమ కాలి బూట్లు మాత్రమే కుట్టుకుంటూ పోతారట. డిమాండ్లు తీరాక కుడి కాలివి కుట్టి జత చేస్తారట. ఈ కథ స్కూల్లో మాస్టారు చెప్పగా విన్నవాళ్లున్నారు, ఆఫీసు ట్రైనింగుల్లో విన్నవాళ్లున్నారు, ఇప్పుడు వాట్సాప్‌లో చదువుతున్నవాళ్లూ ఉన్నారు. జపాన్ ఎలా పైకొచ్చిందో చెప్పడానికి ఇదొక్కటి చాలన్నట్టు చెబుతారు.

ఏ ఫ్యాక్టరీ, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్న వివరాలు మాత్రం ఆ కథలో ఉండవు. అంతకంటే పెద్ద ఇబ్బంది మరొకటుంది. ఓడి, కాలి, ఆకలితో ఉన్న ఒక దేశం 1945 నుంచి 1955 వరకు పదేళ్లలో ఎలా మారిందో తెలుసుకోవాలనుకుంటే ఈ కథ అడ్డం నిలబడుతుంది. తలవంచుకుని పనిచేశారు కాబట్టి బాగుపడ్డారు అనిపిస్తుంది. వాస్తవంలో ఆ పదేళ్లలో ముందు మారినవి నియమాలు. పొలం ఎవరిది, జీతం దేన్నిబట్టి ఇవ్వాలి, ఇంట్లో ఆడవాళ్ల మాటకు చట్టంలో విలువెంత అన్నవి తేలాకే డబ్బు వచ్చింది. ఆ డబ్బు కూడా చాలావరకు పొరుగు దేశంలో జరిగిన యుద్ధం మూలంగా వచ్చింది.

ఆకలి రోజులు

1945 ఆగస్టు 15 మధ్యాహ్నం చక్రవర్తి హిరోహితో గొంతు మొదటిసారి రేడియోలో వినబడింది. ఆ రాజభాషలోంచి లొంగిపోయామన్న సంగతి తెలుసుకోవడానికే చాలామందికి కొంతసేపు పట్టింది. అప్పటికే 60కి పైగా నగరాలు బాంబులకు తగలబడ్డాయి. ఒక్క టోక్యోలో మార్చి 10 రాత్రి దాడిలోనే దాదాపు లక్షమంది పోయారు. దేశమంతటా 42 లక్షల ఇళ్ల కొరత. జనం కాలిన రేకులతో గుడిసెలు వేసుకున్నారు, పాడైన బస్సుల్లో కాపురాలు పెట్టారు. ఇవి చాలవన్నట్టు మంచూరియా, కొరియా, తైవాన్, చైనాల నుంచి సైనికులు, వలస వెళ్లినవాళ్లు కలిపి 60 లక్షలకు పైగా మనుషులు తిరిగొచ్చారు. వలస రాజ్యాలు పోవడంతో అక్కణ్నుంచి వచ్చే బియ్యం ఆగిపోయింది. సొంత వరి పంట కూడా ఆ ఏడే ఘోరంగా దెబ్బతింది.

పెద్దవాళ్లకు రేషన్ రోజుకు 300 గ్రాములకు లోపే. అది కూడా కాగితం మీద. బియ్యం బదులు చిలగడదుంపలు, సోయా పిండి ఇచ్చేవారు, అవీ రోజుల తరబడి ఆలస్యమయ్యేవి. నగరాల ఆడవాళ్లు పెట్టెల్లో దాచుకున్న కిమోనోలు మూటగట్టుకుని, కిక్కిరిసిన రైళ్లలో పల్లెలకు వెళ్లి, బట్ట ఇచ్చి బియ్యం తెచ్చుకునేవారు. ఆ బతుకుకు జపనీయులు పెట్టుకున్న పేరు ‘తకెనొకొ’ బతుకు. తకెనొకొ అంటే వెదురు మొలక. పొర తర్వాత పొర ఒలిస్తేనే తినడానికి కాస్త కండ దొరుకుతుంది. ఒంటిమీద బట్టలు ఒక్కొక్కటే అలా ఒలుచుకుపోయేవి.

టోక్యో జిల్లా కోర్టులో యమగుచి యోషితద అనే యువ న్యాయమూర్తి ఉండేవాడు. బ్లాక్ మార్కెట్‌లో బియ్యం కొని పట్టుబడ్డవాళ్ల కేసులు ఆయన ముందుకొచ్చేవి. వాళ్లకు శిక్ష వేసే మనిషి తానూ అదే బియ్యం తినకూడదని నిర్ణయించుకున్నాడు. రేషన్‌లో వచ్చిన దాంట్లో ఎక్కువ భాగం పిల్లలకు పెట్టాడు. 1947 అక్టోబరులో, 33 ఏళ్ల వయసులో, పోషణ లేక చనిపోయాడు. చట్టాన్ని పూర్తిగా పాటించిన మనిషి బతకలేకపోయాడంటే, బతికున్న తతిమ్మా దేశమంతా ఏదో ఒక మేరకు బ్లాక్ మార్కెట్ మీద ఆధారపడి ఉందన్నమాట. ఈ ఒక్క చావు చెప్పినంత సూటిగా ఆ కాలాన్ని ఏ పట్టికా చెప్పలేదు.

టోక్యోలో ఉఎనో స్టేషన్ పక్క సందుల్లో అలాంటి బ్లాక్ మార్కెట్ ఒకటి వెలిసింది. ఇప్పుడు పర్యాటకులు షాపింగ్‌కు వెళ్లే అమెయోకో వీధి అదే. స్టేషన్ కింద సొరంగ మార్గంలో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లలు పడుకునేవారు, పగలు బూట్లు పాలిష్ చేసేవారు. 1948లో ప్రభుత్వం లెక్కించినప్పుడు దేశంలో తల్లీతండ్రీ లేని పిల్లలు లక్షా 23 వేలమందికి పైగా తేలారు. ఆ స్టేషన్‌కు ఎదురుగానే ఉఎనో జంతుశాల. యుద్ధకాలంలో బోనులు తెంచుకుంటాయన్న భయంతో అక్కడి ఏనుగుల్ని తిండి పెట్టకుండా చంపేశారు. తమకు ఏనుగు కావాలని టోక్యో పిల్లలు నెహ్రూకు ఉత్తరాలు రాశారు. 1949 సెప్టెంబరులో ‘ఇందిర’ అన్న పేరుతో భారతదేశం నుంచి ఒక ఏనుగు అక్కడికి చేరింది.

ధరల సంగతి మరీ దారుణం. యుద్ధానికి ముందున్న 1934–36 నాటి టోకు ధరలతో పోలిస్తే 1949 నాటికి ధరలు 200 రెట్లకు పైగా పెరిగాయి. దీన్ని ఆపాలని 1946 ఫిబ్రవరిలో ప్రభుత్వం బ్యాంకు డిపాజిట్లన్నీ స్తంభింపజేసి పాత నోట్లు రద్దు చేసింది. ఇంటి యజమాని నెలకు 300 యెన్‌లు, ఇంట్లో మిగతా ఒక్కొక్కరి పేరున 100 యెన్‌లు మాత్రమే తీసుకోవచ్చు. కొత్త నోట్లు సమయానికి అచ్చు కాలేదు. దాంతో పాత నోటు మీదే తపాలా బిళ్లంత చీటీ ఒకటి అంటించి కొత్త నోటుగా చలామణీ చేశారు. రాత్రికి రాత్రి నోటు చెల్లదంటే ఇంట్లో ఎంత టెన్షన్ ఉంటుందో మన పాఠకులకు చెప్పక్కర్లేదు. ఇంత చేసినా ధరలు కొద్ది నెలలే ఆగాయి. సరుకే లేనప్పుడు నోటు మార్చి ప్రయోజనం లేకపోయింది. ఆ ఏడాది మే 19న రెండున్నర లక్షలమంది టోక్యోలో రాజప్రాసాదం ఎదుట అన్నం కోసం గుమిగూడారు.

రెండున్నర ఎకరాలు

ఈ దశాబ్దంలో అన్నిటికంటే లోతుగా పాతుకున్న మార్పు పొలాల్లో జరిగింది. ఓటమి నాటికి జపాన్ సాగుభూమిలో దాదాపు 46 శాతం కౌలు భూమి. వరి పొలానికి కౌలు ధాన్యం రూపంలోనే, చాలాచోట్ల పంటలో సగం దాకా. కౌలు రైతులు 1920ల నుంచీ సంఘాలు కట్టి తగ్గించమని పోరాడుతూనే ఉన్నారు. జపాన్ వ్యవసాయ శాఖలోనూ సంస్కరణ కావాలనే అధికారులు యుద్ధానికి ముందే ఉన్నారు. ఓటమి తర్వాత భూస్వాముల పట్టు సడలింది, పైన అమెరికా ఆక్రమణ సైన్యం నిలబడింది. 1945 డిసెంబరులో చేసిన మొదటి చట్టం మెతకగా ఉందని పక్కనపెట్టి 1946 అక్టోబరులో రెండోది తెచ్చారు.

దాని లెక్క సూటిగా ఉంది. ఊళ్లో ఉండని భూస్వామికి కౌలుకిచ్చిన భూమి ఒక్క సెంటూ మిగలదు. ఊళ్లో ఉన్నవాడు కౌలుకిచ్చుకోగలిగింది సుమారు ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. చలి ప్రాంతమైన హొక్కైదోలో మాత్రం దీనికి నాలుగు రెట్లు. మిగిలింది ప్రభుత్వం కొని, దున్నుతున్న కౌలుదారుకే అమ్మింది. ధర మొదట్లో కట్టిందే. ద్రవ్యోల్బణం ఆ ధరను తినేసింది కాబట్టి రైతుకు భారం అనిపించలేదు, భూస్వామి చేతికొచ్చిన బాండ్లకు విలువ మిగల్లేదు. దాదాపు 19 లక్షల హెక్టార్లు చేతులు మారాయి. 1950 నాటికి కౌలు భూమి 10 శాతానికి దిగింది. ఆ మిగిలినదానికి కూడా కౌలు డబ్బు రూపంలోనే, పరిమితికి లోబడే కట్టాలన్నారు.

చట్టం ఒక్కటే ఈ పని చేసిందంటే పొరపాటు. ప్రతి ఊళ్లో ఒక భూసంఘం ఏర్పడింది. అందులో ఐదుగురు కౌలుదారులు, ముగ్గురు భూస్వాములు, ఇద్దరు సొంత రైతులు, అందరూ ఎన్నికైనవాళ్లే. ఏ మడి ఎవరిది, ఎవరు ఎన్నేళ్లుగా దున్నుతున్నారు అన్నది పై ఊరి నుంచి వచ్చిన అధికారికి తెలియదు, పక్క పొలం రైతుకు తెలుస్తుంది. భూస్వామి ముందు చేతులు కట్టుకు నిలబడ్డ మనిషి ఇప్పుడు అదే బల్ల దగ్గర అతనికి ఎదురుగా కూర్చుని, అతని భూమి గురించి ఓటు వేశాడు. ఆస్తి చేతులు మారడం కంటే ఈ కూర్చోవడమే పల్లెను ఎక్కువ మార్చింది. భూస్వాములు ఊరుకోలేదు. చట్టం వచ్చేలోపే కౌలుదారుల్ని పొలాల్లోంచి వెళ్లగొట్టినచోట్లు ఉన్నాయి. అడవి భూముల జోలికి సంస్కరణ అసలు వెళ్లలేదు కాబట్టి కొండ ప్రాంతాల్లో పెద్ద కుటుంబాల పెత్తనం చాలాకాలం సాగింది.

ఈ సంస్కరణ రూపకల్పనలో పనిచేసినవాళ్లలో ఒకరు యుక్రెయిన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ వుల్ఫ్ లాడెజిన్‌స్కీ. ఆయనే తర్వాత భారతదేశానికి వచ్చి, 1963లో ప్రణాళికా సంఘం కోసం ‘ప్యాకేజీ జిల్లాల’ (దిగుబడి పెంచడానికి విత్తనం, ఎరువు, రుణం కలిపి ఇచ్చిన జిల్లాల) కౌలు పరిస్థితులు పరిశీలించారు. మన పశ్చిమ గోదావరి కూడా ఆ ప్యాకేజీ పథకంలోని జిల్లానే. నోటి మాట మీద నడిచే కౌళ్లు, ఎక్కడా కాగితానికెక్కని కౌలుదారు పేరు ఆయనకు ఇక్కడ కనబడ్డ ప్రధాన సమస్య. ఇప్పటికీ గుర్తింపు కార్డు కోసం, బ్యాంకు లోన్ కోసం తిరిగే కౌలు రైతుకు ఆ మాట కొత్త కాదు. దీనికి పదేళ్ల ముందే, 1953లో, ‘జపాను పద్ధతి’ వరి సాగు మన దేశంలో పెద్ద ఎత్తున ప్రచారమైంది. వరుసల్లో నాట్లు, వరుసల మధ్య తోసే కలుపు యంత్రం, నారుమడిలో జాగ్రత్తలు మన పొలాలకు వచ్చాయి. జపాన్‌లో మాత్రం ఆ పద్ధతి వెనుక భూమి తనదైన రైతు ఉన్నాడు. వేసిన ఎరువు ఫలితం తన గాదెకే చేరుతుందన్న నమ్మకంతో అతను ఎరువు వేశాడు. ఈ సగం మన ప్రచారంలోకి రాలేదు.

రైళ్లు ఆగలేదు, టిక్కెట్లు అడగలేదు

ఇప్పుడు బూట్ల కథకు తిరిగొద్దాం. కార్మిక సంఘాల చట్టం 1945 డిసెంబరులో వచ్చింది. యుద్ధం ముగిసేనాటికి సంఘాల్లో సభ్యులు దాదాపు సున్నా. 1946 చివరికి 50 లక్షలకు దగ్గరయ్యారు. ఇంత వేగంగా జనం సంఘాల్లో చేరడానికి సిద్ధాంతాల కంటే ఆకలి పెద్ద కారణం. నెల మొదట్లో అందుకున్న జీతం నెలాఖరుకు బియ్యం కొనడానికి చాలదు.

ఆ తొలి నెలల్లో పనివాళ్లు ఎంచుకున్న పోరాట పద్ధతి చాలా ఆసక్తికరమైంది. పని ఆపడం కాదు, పనిని తమ చేతుల్లోకి తీసుకోవడం. దాన్ని ‘సెయిసాన్ కాన్రి’ అన్నారు, ఉత్పత్తి అదుపు అని అర్థం. 1945 అక్టోబరులో యోమియూరి పత్రిక ఉద్యోగులు, యుద్ధాన్ని ఎగదోసిన యాజమాన్యం దిగిపోవాలంటూ, పత్రికను తామే నడిపించారు. డిసెంబరులో టోక్యో శివార్లలో కెయిసెయి రైల్వే సిబ్బంది రైళ్లు ఆపకుండా టిక్కెట్లు అడగడం మానేశారు. ప్రయాణికులు ఉచితంగా తిరిగారు, నష్టం కంపెనీకి మాత్రమే. బొగ్గు గనుల్లోనూ ఇలాంటివే జరిగాయి.

దీనికి కారణం ఉంది. ముడిసరుకు దాచిపెట్టుకుని ధర పెరిగే దాకా ఆగితే, తయారుచేసి అమ్మేదానికంటే యజమానికి ఎక్కువ లాభం వచ్చే రోజులవి. అలాంటప్పుడు పని ఆపితే యజమానికి నొప్పి లేదు. పని నడిపితేనే నొప్పి. ఊరికి కావలసిన రైలు, బొగ్గు, వార్త ఆగకూడదు, కానీ పెత్తనం మారాలి. బూట్ల కథలోలాగే ఇక్కడా పని ఆగలేదు. అయితే యజమాని మాట జవదాటకుండా కాదు, యజమానిని పక్కకు నెట్టి. ప్రభుత్వం దీన్ని ఆస్తి హక్కు మీద దాడిగా చూసింది, 1946 మధ్యకల్లా అణచివేత మొదలైంది.

1947 ఫిబ్రవరి 1న దేశవ్యాప్త సమ్మె జరగాల్సింది. ముందురోజు ఆక్రమణ సైన్యాధిపతి జనరల్ మెకార్థర్ దాన్ని నిషేధించారు. సమ్మె సారథి ఇయి యాషిరో రేడియోలో సమ్మె విరమిస్తున్నట్టు చెబుతూ ఏడ్చేశారు. 1948లో ప్రభుత్వోద్యోగుల సమ్మె హక్కు పోయింది. అదే ఏడాది ఆగస్టులో తోహో సినిమా స్టూడియోలో తిష్ఠ వేసిన కార్మికుల్ని ఖాళీ చేయించడానికి పోలీసులతో పాటు అమెరికా ట్యాంకులు, విమానాలు కూడా వచ్చాయి. ‘యుద్ధనౌక ఒక్కటే రాలేదు’ అన్న మాట అప్పుడు పుట్టిందే. 1950లో కమ్యూనిస్టులన్న ముద్రతో పదివేలమందికి పైగా ఉద్యోగాల్లోంచి తీసేశారు. సంఘాలు పెట్టమన్న ఆక్రమణ ప్రభుత్వమే ప్రచ్ఛన్న యుద్ధం ముదిరేసరికి వాటిని తొక్కడం మొదలుపెట్టింది.

అయినా కార్మికులు గెలుచుకున్నది కొంత నిలబడింది. 1946లో విద్యుత్ కార్మికులు ఒక జీతాల పద్ధతి సాధించారు. పనికి కట్టే రేటు కాదు ముఖ్యం, ఆ మనిషికి ఎంత వయసు, ఇంట్లో ఎంతమంది తినాలి అన్నవి చూసి జీతం కట్టాలి. తర్వాత ఎన్నో కంపెనీలు ఈ లెక్కనే ఏదో రూపంలో అనుసరించాయి. వయసుతో పెరిగే జీతం, మధ్యలో తీసేయని ఉద్యోగం జపాన్ సంస్కృతిలోనే ఉన్నాయని ఇవాళ మేనేజ్‌మెంట్ పుస్తకాలు చెబుతుంటాయి. ఆ రూపంలో స్థిరపడ్డది మాత్రం ఆకలి రోజుల బేరసారాల్లోంచి, 1950లో టొయోటాలో, 1953లో నిస్సాన్‌లో జరిగిన కఠినమైన పోరాటాల్లోంచి. నిస్సాన్‌లో సంఘం ఓడిపోయింది, కంపెనీకి అనుకూలమైన రెండో సంఘం దాని స్థానంలోకి వచ్చింది. ఉద్యోగం తీసేస్తే ఎంత గొడవవుతుందో యాజమాన్యాలు చూశాయి, ఎదిరిస్తే ఏమవుతుందో కార్మికులు చూశారు. తర్వాతి కాలపు ‘విధేయత’ ఆ రెండు భయాల మధ్య కుదిరిన ఒప్పందం. అదీ పెద్ద కంపెనీల్లో పర్మినెంట్ ఉద్యోగాలున్న మగవాళ్లకే. చిన్న వర్క్‌షాపుల్లో పనిచేసేవాళ్లకు, టెంపరరీ వాళ్లకు, ఆడవాళ్లకు అది అందలేదు.

ఉత్తరం విప్పకండి

ఆడవాళ్లకు ఓటు హక్కు 1945 డిసెంబరులో వచ్చింది. మహిళా హక్కుల ఉద్యమకారిణి ఇచికవ ఫుసాయె లాంటివాళ్లు 1920ల నుంచి అడుగుతున్నదే అది. 1946 ఏప్రిల్ 10న మొదటిసారి ఓటేసి, 39 మంది స్త్రీలను పార్లమెంటుకు పంపారు. 1947 మే 3న అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలో 24వ అధికరణం పెళ్లి ఇద్దరి ఇష్టం మీదే జరగాలంది, భార్యాభర్తలకు సమాన హక్కులంది. దాని ముసాయిదా రాసింది ఆక్రమణ ప్రభుత్వ సిబ్బందిలో ఉన్న బెయాటె సిరోటా అనే 22 ఏళ్ల అమ్మాయి. ఆమె జపాన్‌లో పెరిగింది, పెద్దలు చెప్పినవాడికి తల వంచే పెళ్లికూతుళ్లను దగ్గర్నుంచి చూసింది. ఆ తర్వాత పౌరస్మృతి మారి, ఇంటి పెద్దకు కుటుంబం మొత్తం మీద ఉన్న అధికారం, ఆస్తంతా పెద్ద కొడుక్కే పోయే పద్ధతి రద్దయ్యాయి.

చట్టంలో రాసింది ఫ్యాక్టరీ హాస్టల్ గది దాకా చేరడానికి ఏడేళ్లు పట్టింది. ఓమి కెన్షి అనే పట్టు నూలు కంపెనీలో పల్లెల నుంచి వచ్చిన అమ్మాయిలు హాస్టళ్లలో ఉండి పనిచేసేవారు. 1954 జూన్‌లో సమ్మెకు దిగి వాళ్లు పెట్టిన 22 డిమాండ్లలో జీతాల మాటతో పాటు ఇవీ ఉన్నాయి: మాకు వచ్చే ఉత్తరాలు విప్పి చదవకండి, పెళ్లి చేసుకునే స్వేచ్ఛ ఇవ్వండి, బౌద్ధ ప్రార్థనలకు బలవంతంగా కూర్చోబెట్టకండి. 106 రోజులు నిలబడ్డారు, గెలిచారు. ఒక దేశ రాజ్యాంగం ఎక్కడ ప్రాణం పోసుకుంటుందో చూడాలంటే ఇలాంటి చోటే చూడాలి. ఇంటినుంచి అమ్మ రాసిన ఉత్తరం తన చేతుల్తో తనే విప్పుకోవడం అంత చిన్న విషయంగా వాళ్లకు కనిపించలేదు.

పల్లెల్లో ఈ మార్పు పొయ్యి దగ్గర మొదలైంది. జపాన్ రైతు ఇంట్లో వంటిల్లంటే మట్టి నేల, చీకటి గది, నేలకానిన పొయ్యి. కోడలు వంగి కూర్చుని ఊదుకుంటూ వండాలి, పొగ ఇంట్లోనే తిరుగుతుంది. మన పల్లెల్లో కట్టెల పొయ్యి దగ్గర కళ్లు తుడుచుకున్న ఆడవాళ్లకు ఈ బొమ్మ వెంటనే కళ్లకు కడుతుంది. 1948 నుంచి వ్యవసాయ శాఖ ‘జీవన మెరుగుదల’ కార్యక్రమం నడిపింది. అందులోని మహిళా ఉద్యోగినులు ఆకుపచ్చ సైకిళ్ల మీద ఊరూరా తిరిగారు. పొగగొట్టం ఉన్న, నిలబడి వండుకునే పొయ్యి ఎలా కట్టుకోవాలో చూపించారు. దానికి డబ్బు కావాలి, ఇంటి డబ్బు అత్తమామల చేతుల్లో ఉంటుంది. కోడళ్లు గుంపుగా చేరి గుడ్లు అమ్మిన చిల్లర కూడబెట్టారు. అలా వచ్చిన పొయ్యితో కట్టెలు తగ్గాయి, పొద్దున కాస్త సమయం మిగిలింది. అంతకంటే ముఖ్యంగా, కోడలు నలుగురిలో కూర్చుని ఇంటి సంగతి మాట్లాడే చోటు ఒకటి ఏర్పడింది.

జననాల లెక్క కూడా ఈ దశాబ్దంలోనే తలకిందులైంది. యుద్ధం నుంచి మగవాళ్లు తిరిగొచ్చాక 1947 నుంచి 1949 దాకా ఏటా దాదాపు 27 లక్షలమంది పుట్టారు. 1955కు అది 17 లక్షలకు దిగింది. ఒక్కో స్త్రీకి సగటు పిల్లల సంఖ్య 4.5 నుంచి 2.4కు తగ్గడానికి ఎనిమిదేళ్లే పట్టింది. 1948లో వచ్చిన చట్టం గర్భస్రావానికి దారి తెరిచింది, మరుసటి ఏడు పేదరికాన్ని కూడా కారణంగా ఒప్పుకుంది. 1955లో నమోదైన గర్భస్రావాలు 11 లక్షలు దాటాయి. ఆ చట్టం పేరు ‘యూజెనిక్ రక్షణ చట్టం’. యూజెనిక్ అంటే లోపాలున్నవాళ్లు పుట్టకూడదనే ఆలోచన. వైకల్యం ఉన్నవాళ్లకు సమ్మతి లేకుండా పిల్లలు పుట్టని ఆపరేషన్లు చేసే వీలు కూడా అదే కల్పించింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో సుమారు 16,500 మంది మీద అలా చేశారు. అది రాజ్యాంగ విరుద్ధమని జపాన్ సుప్రీంకోర్టు చెప్పింది 2024 జూలైలో.

బతికే ఏళ్లు మాత్రం నిజంగా పెరిగాయి. 1947లో సగటు ఆయుర్దాయం మగవాళ్లకు 50, ఆడవాళ్లకు 54. 1955 నాటికి 63.6, 67.7. క్షయకు మందు రావడం, పసిపిల్లల చావులు తగ్గడం, తిండి మెరుగుపడడం అన్నీ ఇందులో ఉన్నాయి.

డబ్బు ఎక్కణ్నుంచి వచ్చింది

ఆర్థిక విధానం విషయానికొస్తే, 1947లో ప్రభుత్వం ఉన్న కాస్త వనరులన్నీ బొగ్గుకూ ఉక్కుకూ మళ్లించింది. ఆర్థికవేత్త అరిసవ హిరోమి ఆలోచన అది. బొగ్గు ఉంటే ఉక్కు, ఆ ఉక్కుతో గనులకు సామగ్రి, దాంతో ఇంకా బొగ్గు. ఉత్పత్తి కదిలింది, కానీ దానికోసం అచ్చువేసిన డబ్బు ధరల్ని ఇంకా పెంచింది. 1949లో అమెరికా పంపిన డెట్రాయిట్ బ్యాంకరు జోసెఫ్ డాడ్జ్ వచ్చి బడ్జెట్ బిగించారు, సబ్సిడీలు కోశారు, డాలరుకు 360 యెన్‌లని ఖాయం చేశారు. ఆ రేటు 1971 దాకా కదల్లేదు. ధరలు ఆగాయి. దానికి మూల్యంగా జాతీయ రైల్వేలో ఒక్కదాంట్లోనే దాదాపు లక్షమంది ఉద్యోగాలు పోయాయి, చిన్న కంపెనీలు వరసగా మూతబడ్డాయి.

టొయోటా అప్పుడు దివాలా అంచున ఉంది. 1950 జూన్ మొదట్లో, సమ్మె తర్వాత, స్థాపకుడు టొయోడా కీచిరో రాజీనామా చేశారు. సుమారు 2,000 మంది ఉద్యోగాలు పోయాయి. అదే నెల 25న కొరియా యుద్ధం మొదలైంది. కొన్ని వారాల్లో అమెరికా సైన్యం వెయ్యి ట్రక్కులకు ఆర్డరిచ్చింది, తర్వాతి నెలల్లో మొత్తం 4,600 దాటింది. ఉక్కు, ఇసుక సంచులు, దుప్పట్లు, మరమ్మతులు అన్నిటికీ గిరాకీ వచ్చింది. 1953 చివరికి ఈ కొనుగోళ్లు 200 కోట్ల డాలర్లు దాటాయి. జపాన్ 35 ఏళ్లు ఏలి పీల్చేసిన దేశం ఇప్పుడు నిలువునా చీలి కాలిపోతుంటే, ఆ మంటే జపాన్ ఫ్యాక్టరీల్ని వేడెక్కించింది. కొరియాలో లక్షల ప్రాణాలు పోయాయి. జపాన్‌లోనే ఉండిపోయిన కొరియన్లు 1952లో ఆ దేశ పౌరసత్వం కూడా కోల్పోయారు. ఈ విషయం పక్కనపెట్టి ‘అద్భుతం’ అని రాయడం సరికాదు.

అయితే యుద్ధపు డబ్బు చాలా దేశాలకు వచ్చింది, చాలాచోట్ల కొద్దిమంది జేబుల్లోకి వెళ్లి ఆగింది. ఇక్కడ అది వచ్చేసరికి భూమి పంపకం దాదాపు పూర్తయింది, మిత్సుయి, మిత్సుబిషి, సుమితొమో, యాసుద అనే బడా వ్యాపార కుటుంబాల హోల్డింగ్ కంపెనీలు రద్దయ్యాయి, సంఘాలు జీతాల బేరం నేర్చుకున్నాయి. కంపెనీల చేతికొచ్చింది కొత్త యంత్రాలకు వెళ్లింది. జనం చేతికొచ్చింది బట్టలకు, రేడియోలకు, పిల్లల ఫీజులకు వెళ్లింది. 1955లో వచ్చిన వస్తువులు చూస్తే ఆ కొనుగోలు శక్తి ఎక్కడికి చేరిందో తెలుస్తుంది. ఆ ఆగస్టులో సోనీ ట్రాన్సిస్టర్ రేడియో, డిసెంబరులో తోషిబా ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్. తెల్లవారుజామునే లేచి పొయ్యి ముందు కాపలా కూర్చునే పనిని ఒక మీటకు అప్పగించిన వస్తువు అది.

1956 జూలైలో వచ్చిన ఆర్థిక శ్వేతపత్రంలో ‘ఇక ఇది యుద్ధానంతర కాలం కాదు’ అన్న వాక్యం పత్రికలన్నీ పట్టుకున్నాయి. తలసరి ఉత్పత్తి యుద్ధానికి ముందున్న స్థాయిని దాటింది కాబట్టి గర్వంగా అన్న మాటని చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. ఆ పత్రంలో దాని చుట్టూ ఉన్నది హెచ్చరిక. పడిపోయింది లేచి నిలబడేటప్పుడు ఎదుగుదల సులువు, ఆ సులువు అయిపోయింది, ఇకపై ఎదగాలంటే మారాలి, ఆ మార్పు నొప్పి పెడుతుంది అని. ఆ నొప్పి అప్పటికే మొదలైంది. రెండు నెలల ముందు, మే 1న, మినమాత పట్టణంలో రసాయన ఫ్యాక్టరీ ఆసుపత్రి నుంచి తెలియని నరాల జబ్బు గురించి మొదటి అధికారిక నివేదిక వెళ్లింది. ఆ ఫ్యాక్టరీ వదిలిన పాదరసమే దానికి కారణమని తర్వాత తేలింది. బాంబుకు గురైన హిరోషిమా, నాగసాకి జనానికి వైద్యం అందించే చట్టం 1957 దాకా రాలేదు. ఒకినావా 1972 దాకా అమెరికా చేతుల్లోనే ఉంది.

ఈ మార్పులన్నీ ఒక్కచోట కలిసి కనిపించేది మళ్లీ ఉఎనో స్టేషన్‌లోనే. 1954 ఏప్రిల్‌లో ఉత్తరాది అఒమోరి నుంచి ఒక ప్రత్యేక రైలు బయల్దేరి రాత్రంతా ప్రయాణించి అక్కడికి చేరింది. అందులో ఉన్నది అప్పుడే స్కూలు ముగించి, గుంపుగా ఉద్యోగాల్లో చేరడానికి వస్తున్న పదిహేనేళ్ల పిల్లలు. దేశం ఓడిపోయిన ఏడాదే వాళ్లు ఒకటో తరగతిలో చేరారు. పాఠ్యపుస్తకాల్లో యుద్ధం గురించి ఉన్న వాక్యాలను టీచరు చెబుతుంటే సిరాతో కొట్టేసిన తరం. 1947 చట్టం వల్ల తొమ్మిదేళ్ల చదువు అందుకున్న తొలి తరాల్లో ఒకటి. భూమి వచ్చిన ఇళ్లలో రెండో కొడుకులు, కూతుళ్లు వాళ్లలో చాలామంది. వచ్చిన కొద్దిపాటి పొలం ఒక కుటుంబానికే చాలదు. 1950లో దేశంలో పనిచేసేవాళ్లలో 48 శాతం వ్యవసాయం, చేపల వేట, అడవి పనుల్లో ఉన్నారు, 1955కు 41 శాతం. ఆ తగ్గిన ఏడు శాతంలో ఈ పిల్లలూ ఉన్నారు. ప్లాట్‌ఫాం మీద షాపు యజమానులు, చిన్న వర్క్‌షాపుల మేస్త్రీలు పేర్లు రాసిన కాగితాలు పట్టుకుని నిలబడేవారు. పిల్లలు తమ పేరు వెతుక్కుని, ఆ మనిషి వెనకాల స్టేషన్ బయటికి నడిచేవారు.